హెచ్చరిక వేరు, ఎరుక వేరు

భూగోళము వేడెక్కుచున్నదను మాట నేడు చిన్న తరగతుల పాఠ్యపుస్తకములలో సైతము చోటు చేసికొన్నది. పరీక్షలో ప్రశ్న వచ్చినచో విద్యార్థి తడుముకొనక సమాధానము వ్రాయగలడు. కాని ఆ సమాధానమునకును, తన వీధిలోనికి వరద వచ్చినవేళ మెట్లు ఎక్కవలెనా దిగవలెనా అను నిర్ణయమునకును నడుమ ఎంత దూరము కలదో 2024వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన స్పెయిన్ దేశములోని వలెన్సియా ప్రాంతము లోకమునకు చూపినది. ఆ ఒక్క పూటలో అచ్చట 220 మందికి పైగా మరణించిరి. స్పెయిన్ బీదదేశము కాదు. శాస్త్రజ్ఞులకు కొదువ ఉన్న దేశమును కాదు. ఆకాశమున ఉపగ్రహములు, నేలపై రాడారులు, వాగులలో కొలత యంత్రములు, ప్రతివాని జేబులోను టెలిఫోను, అన్నియు నున్నవి. ఉండియు ఇంత నష్టము ఎట్లు జరిగెనను ప్రశ్న స్పెయిన్ దేశీయులకే కాక, వాతావరణమును గురించి ప్రజలకు బోధింపబూనిన వారికందరికిని ముఖ్యమైనది.

వలెన్సియా ప్రజలు నీటి సంగతి తెలియనివారని ఎవ్వరును అనజాలరు. మధ్యధరా సముద్రపు పడమటి తీరమున, నారింజ తోటల నడుమ, వరిచేల నడుమ పెరిగిన నగరమది. ప్రతి గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు ఆ నగరపు పెద్ద చర్చి వాకిట, అపొస్తలుల ద్వారము నెదుట, నల్లని అంగీలు ధరించిన రైతులు కుర్చీలు వేసికొని వలయముగా కూర్చుందురు. తురియా నది నుండి చీలు ఎనిమిది కాలువల ఆయకట్టుదారులు తమలోనుండి ఎన్నుకొన్న న్యాయమూర్తులు వారు. నీటి వంతు మీరినవాడెవడో, కాలువ గట్టు తెగగొట్టినవాడెవడో అక్కడికక్కడే తేల్చి తీర్పు చెప్పుదురు. వాదన యంతయు నోటిమాటతోనే, ప్లీడరుతో పనిలేదు. శతాబ్దములుగా సాగివచ్చుచున్న ఈ జలన్యాయస్థానమును 2009లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. వలెన్సియాలోనే పుట్టిన నవలాకారుడు బ్లాస్కో ఇబాన్యేస్ తన ‘లా బరాకా’ నవలలో (1898) ఒక పేదరైతును ఈ న్యాయస్థానము ముందు నిలువబెట్టెను. మరి రెండేండ్లకు వెలువడిన నారింజ తోటల నవలలో హుకార్ నది పొంగి ఊరిని ముంచిన ఘట్టమును చిత్రించెను. అనగా నీటి కరవును, నీటి ఉధృతిని రెంటిని సాహిత్యములోనికి సైతము ఎక్కించుకొన్న ప్రాంతమది.

అయితే అచ్చటి నీటికొక విచిత్ర స్వభావము కలదు. తురియా, హుకార్ వంటి నదులు కాక, కొండల నుండి సముద్రము వైపు దిగు ఎండువాగులు అనేకములు. ‘రంబ్లా’ అని వానిని పిలుతురు. సంవత్సరములో అత్యధిక దినములు వాని గర్భమున గులకరాళ్లు, రెల్లుపొదలు తప్ప వేరేమియు నుండదు. పిల్లలు ఆడుకొందురు, పెద్దలు అడ్డదారిగా నడతురు. తెలుగునాట మెట్ట సీమలలోని ఎండువాగులను ఎరిగినవారికి ఈ వర్ణన క్రొత్తగా తోచదు. చీవా మొదలగు ఊళ్ల పైనున్న కొండలలో పుట్టి, పైపోర్తా, కతరోహా పట్టణముల నడుమగా సాగి, అల్బుఫేరా అను మంచినీటి సరస్సులో కలియు పోయో వాగు అట్టిది. ఎండిన వాగు ఎప్పటికిని ఎండియే యుండునను నమ్మకము మనుష్యునకు ఎంత తేలికగా పట్టుబడునో చెప్పనక్కరలేదు. ఇల్లు కట్టువాడు వాగును ఎండిన రూపమున చూచియే కట్టును.

శరత్కాలమున అచ్చట కురియు కుంభవృష్టికి జనసామాన్యము పెట్టుకొన్న పాతపేరు ‘గోటా ఫ్రియా’, అనగా చల్లని చుక్క. శాస్త్రజ్ఞులు ‘డానా’ అందురు. పై అంతరువులలో విడివడిన అల్పపీడనమను అర్థమునిచ్చు స్పానిషు పదముల మొదటి అక్షరముల కూర్పది. ఫ్రాన్సిస్కో గార్సియా డానా అను వాతావరణ శాస్త్రజ్ఞుని స్మృతి కూడ అందులో ఇమిడియున్నది. ధ్రువప్రాంతపు చల్లనిగాలి ముద్ద ఒకటి, పడమటి గాలుల ప్రవాహము నుండి తెగి, ఆకాశమున ఎత్తుగా ఒకచోట నిలిచిపోవును. క్రింద వేసవి యంతయు కాగిన సముద్రము. ఆ సముద్రము మీదుగా వచ్చు తేమగాలి తీరపు కొండలకు తగిలి పైకి లేచును. పైన చలి, క్రింద వెచ్చదనము కలిసి మేఘము కూలబడినట్లు వాన దిగును. ఇది పూర్వము నుండి ఉన్నదే. క్రొత్తగా వచ్చినదేమనగా, సముద్రము మరింత కాగుట. మధ్యధరా ప్రాంతము లోకపు సగటుకంటె ఐదవవంతు అధికవేగముతో వేడెక్కుచున్నదని ఆ ప్రాంతపు శాస్త్రజ్ఞుల సంఘము తెలిపియున్నది. 2024 ఆగస్టు నడుమ ఆ సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత మధ్యమ విలువ 28.9 డిగ్రీల సెంటీగ్రేడు చేరినట్లు బార్సిలోనా సముద్రశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది మోయగల నీటి ఆవిరి నూటికి సుమారు ఏడు వంతులు పెరుగును. కావుననే, పారిశ్రామిక యుగమునకు ముందున్న చల్లని లోకముతో పోల్చినచో ఇట్టి ఒక్కదినపు వర్షము నూటికి 12 వంతులు అధికముగా కురియునదియు, రెండింతలు తఱచుగా సంభవించునదియు అయినదని, వరద జరిగిన కొలదిదినములలోనే అంతర్జాతీయ శాస్త్రజ్ఞులు తొలి అంచనా ప్రకటించిరి. అది త్వరగా వేసిన లెక్కయే. అయినను దాని దిక్కు భౌతికశాస్త్రము చెప్పు దిక్కే.

ఇక ఆ దినపు సంగతి. ఉపద్రవము ఎవ్వరికిని తెలియక వచ్చి పడినది కాదు. స్పెయిన్ ప్రభుత్వ వాతావరణ సంస్థ కొన్ని దినములు ముందుగానే జాగ్రత్త చెప్పియుండెను. 29వ తేదీ ఉదయము ఏడున్నర దాటగానే వలెన్సియా లోని కొన్ని భాగములకు అత్యంత ప్రమాదమును సూచించు ఎర్ర హెచ్చరిక వెలువడినది. వలెన్సియా విశ్వవిద్యాలయము ఆ హెచ్చరికలను నమ్మి ఆనాటి తరగతులను రద్దుచేసెను; వేలకొలది విద్యార్థులు, అధ్యాపకులు రోడ్డెక్కకుండిరి. మధ్యాహ్నమునకే పడమట ఉతియేల్ పట్టణమున మాగ్రో నది వీధులలోనికి వచ్చినది. అదే మధ్యాహ్నము ప్రాంతీయాధ్యక్షుడు కార్లోస్ మాసోన్ సాయంకాలము ఆరు గంటలకు తుపాను తగ్గుముఖము పట్టునని ప్రకటించెను. తగ్గలేదు. తురీస్ వద్ద ఇరువదినాలుగు గంటలలో 771 మిల్లీమీటర్ల వర్షము పడినది. అందులో ఒక్క గంటలోనే 184 మిల్లీమీటర్లు. స్పెయిన్ దేశమున ఒక గంటలో అంత వాన మునుపెన్నడును నమోదు కాలేదు. చీవాలో ఎనిమిది గంటలలో 491 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు సంవత్సరపు వర్షమంతయు, కురిసినది. పోయో వాగులోని కొలత యంత్రము సెకనుకు 2,000 ఘనపు మీటర్లకు పైగా ప్రవాహమును చూపి, ఆ మీదట తానే కొట్టుకొనిపోయినది.

ఆ నీరు పైపోర్తా చేరినప్పుడు పైపోర్తాలో వాన లేదు. ఈ ఒక్క వాక్యమును ఉపాధ్యాయులు తరగతిలో రెండుమార్లు చదివి వినిపింపవచ్చును. వరద యనగా వానను వెంటబెట్టుకొని వచ్చునదని అందరు తలంతురు. ఆ ఊరివారును అట్లే తలచిరి. ఆకాశము బెదిరింపనందున అంగళ్లు తెరచియుండెను, పనులనుండి జనులు ఇండ్లకు తిరిగివచ్చుచుండిరి. కొండలమీద కొన్ని గంటల క్రిందట పడిన వాన సాయంకాలము ఆరున్నర ప్రాంతమున గోడవలె ఊరిలోనికి దిగినది. ఎందరో తమ కార్లను కాపాడుకొనుటకై నేలమాళిగలలోని గ్యారేజీలకు దిగిరి. వాకిటి తలుపు నెట్టుకొని నీరు వచ్చుచుండగా క్రింది అంతస్తులలోని వృద్ధులు మేడలెక్కలేకపోయిరి. మృతులలో ఇంచుమించు సగముమంది డెబ్బది ఏండ్లు దాటినవారు. పైపోర్తా ఒక్కదానిలోనే 40 మందికి పైగా పోయిరి.

ప్రజల చేతిఫోనులన్నింటికి ఒక్కసారి మ్రోగు అత్యవసర సందేశము రాత్రి 8 గంటల 11 నిమిషములకు వచ్చినది. అప్పటికి అనేకులు చనిపోయియుండిరి. మరికొందరు చెట్లను, దీపస్తంభములను పట్టుకొని యుండిరి. సందేశము ఆలస్యమైనదను విషయముపై జరుగవలసిన చర్చ జరిగినది. న్యాయస్థానము విచారణ చేపట్టినది. నెలనెలా జనులు వీధులకెక్కి నిరసన తెలిపిరి. మాసోన్ 2025 నవంబరులో తన రాజీనామాను ప్రకటించెను. అధికారుల బాధ్యతను ఎవ్వరును తగ్గింపరాదు. కాని అంతగా చర్చకు రాని మరియొక సంగతి కలదు. ఆ సందేశములో ఉన్న మాట ఏమి? భారీవర్షముల కారణమున ప్రయాణములు మానుకొనుడని మాత్రమే. మేడపైకి ఎక్కుడని లేదు, నేలమాళిగలోనికి దిగవద్దని లేదు, వాగు సమీపమున నున్నవారు తొలగుడని లేదు. అది రెండు గంటలు ముందుగా వచ్చియుండినను, ప్రయాణము చేయకుండ ఇంటిలో నున్నవాడు కారును గూర్చి తలంచి క్రిందికి దిగియుండడని ఎవ్వరు చెప్పగలరు? ఉదయపు ఎర్ర హెచ్చరికను విన్నవారికి 180 మిల్లీమీటర్లనగా తమ వీధిలో ఎంత నీరో ఊహకు అందలేదు. హెచ్చరిక చెవికి చేరవచ్చును. దానిని అర్థముగా మార్చుకొను ఎరుక ముందే మనస్సున లేనిచో అది శబ్దముగానే మిగులును.

ఇట్టి ఎరుక ఒకప్పుడు ఆ నగరమునకు కొంత కలిగియుండెను. 1957వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన తురియా పొంగి వలెన్సియా నగరమును ముంచినప్పుడు, ప్రభుత్వపు లెక్క ప్రకారమే 81 మంది మరణించిరి. నాడు నీరు ఎంత ఎత్తు వచ్చినదో తెలుపు పింగాణి పలకలు పాత వీధుల గోడలపై నేటికిని కనబడును. ఆ వరద పిమ్మట నదినే నగరము నుండి తప్పించి, దక్షిణముగా, సెకనుకు 5,000 ఘనపు మీటర్లు పారగల క్రొత్త కాలువలోనికి త్రిప్పిరి. నగర మధ్యమున మిగిలిన పాత నదీగర్భమున పెద్దరోడ్డు వేయవలెనని ప్రభుత్వము తలచగా ప్రజలు పట్టుబట్టి అచ్చట తోటను సాధించుకొనిరి. తొమ్మిది కిలోమీటర్ల పొడవున సాగు ఆ వనము నేడు వలెన్సియా గర్వకారణము. 2024లో ఆ క్రొత్త కాలువయే నగరమును కాపాడినది. ఇంజనీర్ల పనితనమును మెచ్చుకొనవలసినదే. కాని పలకలు నగరపు గోడలపై నున్నవి. ఇండ్లు మాత్రము గత అర్ధశతాబ్దిలో నగరమునకు దక్షిణమున, పోయో వాగు చుట్టునున్న ఊళ్లలో పెరిగినవి. ఎండిన నేలను చూచి వచ్చిన క్రొత్త కుటుంబములకు 1957 ఒక పాత ఛాయాచిత్రము మాత్రమే. వరదముప్పు గల నేలలను చూపు పటములను ప్రాంతీయ ప్రభుత్వము 2003లోనే తయారుచేసి ప్రకటించినది. పోయో వాగును అదుపుచేయు పనుల ప్రణాళికలును ఏండ్లతరబడి కాగితములపై నుండెను. పటము కార్యాలయమున ఉన్నది. దానిలో రంగు పూసిన నేలపై నివసించువాడు దానిని చూడలేదు. చూపవలెనని ఎవ్వరికిని గట్టిగా తోచినట్లును లేదు.

ఎరుక లేనిచోట ఖాళీ ఉండదు. పుకారు వచ్చి కూర్చుండును. వరద జరిగిన దినములలోనే, పూర్వపు నియంత ఫ్రాంకో కట్టించిన ఆనకట్టలను ఇటీవలి ప్రభుత్వములు పడగొట్టినందువలన నీరు వచ్చినదని ఒక ప్రచారము సాగినది. నిజమున ఆ దేశమున తొలగించినవి ఉపయోగము తీరిన చిన్న అడ్డుకట్టలు, వానికిని ఈ వరదకును సంబంధము లేదు. అల్దాయా పట్టణములోని పెద్ద వ్యాపార సముదాయపు నేలమాళిగలో శవములు గుట్టలుగా నున్నవని మరియొక వదంతి లోకమంతట ప్రాకినది. నీరు తోడి చూడగా అచ్చట ఒక్క శవమును లేదు. అంతకు ముందే, 2023లోని అనావృష్టి కాలమున, వాన కురియకుండ ఏదో కుట్ర చేయుచున్నారని వాతావరణ శాస్త్రజ్ఞులనే దూషించి బెదిరించినవారు బయలుదేరియుండిరి. జ్వరము చూచిన వైద్యునిపై జ్వరపు నింద వేయుట వంటిది ఇది. అయితే ఇట్టివారిని పరిహసించుటవలన ప్రయోజనము లేదు. మేఘము ఎట్లు ఏర్పడునో బడిలో చేతులారా పరీక్షించి చూచిన పిల్లవాడు పెద్దవాడైన పిమ్మట ఈ మాటలను అంత తేలికగా నమ్మడు. కంఠస్థము చేసినవాడు నమ్మవచ్చును.

వరదకు కనీసము రూపమున్నది, శబ్దమున్నది. ఎండకు అవి రెండును లేవు. స్పెయిన్ దేశమున 2022వ సంవత్సరపు వేసవిలో వేడివలన 11,000 మందికి పైగా మరణించిరని బార్సిలోనా పరిశోధకులు మరుసటి సంవత్సరము ప్రకటించిరి. ఐరోపా అంతటను ఆ సంఖ్య 61,000 దాటినది. వలెన్సియా వరదకు ఇది యాభై రెట్లు. అయినను ఆ పదకొండు వేలమందిని గురించి ఊరేగింపులు జరుగలేదు. ఎండ మరణములు మూసిన గదులలో, ఒంటరి వృద్ధుల పడకలపై, ఒక్కొక్కటిగా జరుగును. మరణపత్రములో గుండెజబ్బనియో, శ్వాసకోశవ్యాధియనియో వ్రాసియుండును. కోర్దోబా మండలములో 2021 ఆగస్టు 14న 47.6 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనప్పుడు పత్రికలకు అది ఒకనాటి వార్త. 2022 జూలైలో మాడ్రిడ్ వీధులు ఊడ్చు పారిశుద్ధ్య కార్మికుడొకడు పనిలో ఎండదెబ్బకు కూలి మరణించినప్పుడు మాత్రము జనుల మనస్సు కదిలినది. పదకొండు వేల సంఖ్య చేయలేని పని ఒక్క మనుష్యుని మరణము చేసినది. ఎండ తీవ్రత మితిమీరిన దినములలో బయటి పనుల వేళలను తగ్గింపవలెనని, అవసరమైనచో పనిని నిలుపవలెనని 2023 మేలో ప్రభుత్వము శాసించినది.

ఈ మౌనమృత్యువునకు ముఖము కల్పింపవలెనని సెవిల్ నగరము ఒక ప్రయత్నము చేసినది. తుపానులకు పేరు పెట్టినట్లే వడగాడ్పులకును పేరు పెట్టుట. 2022 జూలై చివర వచ్చిన వడగాడ్పునకు ‘సోయీ’ అని నామకరణము చేసిరి. లోకమున పేరు పొందిన మొదటి వడగాడ్పు అది. తరువాత జరిపిన పరిశీలనలో ఆ పేరును తమంత తాము చెప్పగలిగినవారు నూటికి ఆరుగురు మాత్రమే. వినుటకిది హాస్యాస్పదముగా తోచవచ్చును. కాని ఆ ఆరుగురు తక్కినవారికంటె ఎక్కువగా నీరు త్రాగుట, నీడపట్టున ఉండుట, ఇరుగుపొరుగు వృద్ధులను హెచ్చరించుట వంటి జాగ్రత్తలు పాటించినట్లు కనబడినది. పేరు విన్నందువలన జాగ్రత్త కలిగెనో, జాగ్రత్తపరులకే పేరు గుర్తుండెనో ఇతమిత్థముగా తేల్చుట కష్టము. ఎట్లయినను ప్రజలకు తెలియజేయుటలో ఎంత పని చేసినచో ఎంత ఫలము దక్కునో నిజాయితీగా కొలిచి చూచిన యత్నమది. గోడలపై అతికించు రంగురంగుల ప్రకటనలకు, ‘భూమిని రక్షింపుడు’ అను నినాదములకు ఇట్టి కొలత ఎన్నడైన జరిగెనా? భూమిని రక్షింపుమని చెప్పించుకొన్న బాలుడు ఏమి చేయవలెనో తెలియక ఇంటికి పోవును. భయపెట్టు చిత్రములను చూచిన బాలుడు రెండు దినములు భయపడి మూడవనాడు మరచును. ఈ రెండింటిని ప్రజాప్రబోధమని పిలుచుట ఇకనైన మానవలసియున్నది.

స్పెయిన్ 2021లో చేసిన వాతావరణ శాసనములో విద్యకొక భాగమును కేటాయించి, పాఠ్యప్రణాళికలను సవరింపవలెనని నిర్దేశించినది. శాసనము మంచిదే. అయితే శాసనము చేరవలసిన చోటు తరగతిగది. అచ్చట ఉపాధ్యాయుడు దేనిని చేతిలోనికి తీసికొనునను దానిపై అంతయు ఆధారపడియున్నది. ఆ దేశపు పత్రికలలో, రేడియోలో వానను మిల్లీమీటర్లలో కంటె చదరపు మీటరునకు ఇన్ని లీటర్లని చెప్పు అలవాటు కలదు. రెండును ఒకటే, మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. ఈ చిన్న లెక్కను వలెన్సియా బడి ముంగిట వేయించి చూడవచ్చును. నూరు చదరపు మీటర్ల మేడకప్పుపై తురీస్ నాటి వాన పడినచో 77,000 లీటర్లు. అనగా 77 టన్నులు. కొండపై అట్టి కప్పులు ఎన్ని లక్షలు పట్టునో, ఆ నీరంతయు ఏ మార్గమున పోవలెనో పటము చూచి పిల్లలే వెదకిన పిమ్మట, పైపోర్తాలో వానలేకయే వరద ఎట్లు వచ్చినదో ఎవ్వరును వారికి వివరింపనక్కరలేదు. అటు పిమ్మట వారిని ఎండువాగు గట్టున నడిపించి, బడి ఎంత ఎత్తున నున్నదో, తమ ఇండ్లు ఎంత ఎత్తున నున్నవో గుర్తింపజేయవలెను. గణితము, భూగోళము, విజ్ఞానశాస్త్రము వేర్వేరు గంటలలో చెప్పు పద్ధతి ఈ పాఠమునకు కొంత అడ్డమే. ఆ అడ్డమును తొలగించుటకు పెద్ద ధనమక్కరలేదు. తాతలను, అవ్వలను తరగతికి రప్పించి 1957లో తాము చూచినదేమో చెప్పింపవచ్చును. ఆ తరమువారు నానాటికి తగ్గిపోవుచున్నారు.

విద్యార్థులను గురించి ఒక మాట. వరద మరునాటి నుండి చీపుర్లు, పారలు, నీళ్లసీసాలు పట్టుకొని వేలకొలది జనులు వలెన్సియా నగరము నుండి కాలినడకన దక్షిణపు ఊళ్లకు సాగిరి; వారిలో యువజనులే అధికులు. క్రొత్త కాలువపైనున్న కాలిబాట వంతెనకు ప్రజలు ‘సంఘీభావ వంతెన’ అని పేరు పెట్టుకొనిరి. లక్షకు పైగా వాహనములు ధ్వంసమై వీధులలో గుట్టలు పడియుండగా ఆ పిల్లలు మోకాటి లోతు బురదను ఇండ్లనుండి ఎత్తి పోసిరి. చరవాణి తప్ప వేరు లోకమెరుగరని ఎత్తిపొడుపులకు గురియైన తరమే అది. విశ్వవిద్యాలయమువారు బురదలో తడిసిన కుటుంబ ఛాయాచిత్రములను సేకరించి, కడిగి, ఆరబెట్టి తిరిగి ఇచ్చు పనిని చేపట్టిరి. జాగృతి యను మాటకు అర్థమేమో ఈ తరమునకు ఉపన్యాసము చేయవలసిన అవసరము లేదు. వారికి కావలసినది బురద రాకముందు చేయవలసిన పని. బురద వచ్చిన పిమ్మట చేయవలసిన పనిని వారు ఎవ్వరును చెప్పకయే చేసిరి.

ఇందుకు పెద్దలు చేయగలిగినది లేకపోలేదు. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వము, అధికారులు ప్రయాణము వలదని హెచ్చరించిన దినములలో ఉద్యోగులు నాలుగు దినముల వఱకు జీతము కోల్పోక సెలవు పొందు హక్కును కల్పించినది. ఎర్ర హెచ్చరిక విని ఇంటనుండవలెనని తెలిసినను, కూలి పోవునను భయమున బయలుదేరువానికి ఎరుక ఒక్కటే చాలదు. ఈ సంగతిని గ్రహించిన శాసనమది. తెలిసినదానిని ఆచరించు వీలు పేదవానికి కూడ కలుగజేయుట ప్రజాప్రబోధములో భాగమే యని చెప్పవలసియున్నది. ఈ భాగమును ఉపన్యాసకులు తరచుగా విడిచిపెట్టుదురు.

2025 సెప్టెంబరు చివర మరల వలెన్సియా తీరమునకు ఎర్ర హెచ్చరిక వెలువడినది. ఈమారు టెలిఫోనులు ముందుగానే మ్రోగినవి. 29వ తేదీ సోమవారమున వలెన్సియా ప్రాంతమునందు అనేక పట్టణములలో బడులు తెరువలేదు. అల్దాయాలో ఊరి నడుమగా పోవు వాగు పొంగి నీరు వీధులలోనికి వచ్చినది. అప్పటికి ఆ వీధులలోని బడులు మూసియుండెను, పిల్లలు ఇండ్లలో నుండిరి.